చుక్క బావగారు

అమెరికాలో తెలుగువాళ్లు నలుగురున్న చోటల్లా ఇలాంటి బావగారు ఒకరుంటారు. డాలస్‌లో మా వాటాకి వచ్చినాయన మా అక్కయ్య మొగుడే. ఆయన కారు మీద యాంటెన్నాలు చూసి పోలీసు బండేమోనని పక్క లేన్‌వాళ్లు స్పీడు తగ్గిస్తారు.

బావగారు హామ్, అంటే సరదాకి లైసెన్సు తీసుకుని రేడియో నడిపే మనిషి. అందులోనూ ఏపీఆర్ఎస్ తెగ, అంటే తామెక్కడున్నదీ రేడియోలో చాటుకునేవాళ్లు. ఈ తెగవాళ్లకి మైకు పట్టుకుని మాట్లాడే పని లేదు. కారులోని రేడియో జీపీఎస్‌నడిగి అక్షాంశ రేఖాంశాలు తీసుకుంటుంది, 144.390 మెగాహెర్ట్జ్ మీద సెకనుకి 1200 బిట్ల వేగంతో బర్రుమని ఓ కూత పెడుతుంది. దాన్ని డిజిపీటర్ అందుకుని మళ్లీ కూస్తుంది, ఐగేట్ పట్టి ఇంటర్నెట్‌లో పడేస్తుంది. మ్యాప్ మీద బావగారు చుక్కై కదులుతారు. ఫేస్‌బుక్‌లో ఊరిపేరు కూడా పెట్టని మనిషి ఏ కూడలి దగ్గరున్నదీ లోకమంతా చూడొచ్చు.

"ఫోన్‌లో లొకేషన్ పెడితే చాలదా, బావగారూ?" అన్నామా, అయిపోయామే! "రేపు టోర్నడో వచ్చి సెల్ టవర్లు కూలితే?" అంటారు. "మరి మీ చుక్కని మీరు చూసుకునేది ఫోన్‌లోనేగా?" అంటే మాత్రం, ఆ సిగ్నల్ ఆయనకి అందదు.

తిన్నని రోడ్డంటే ఆయనకి చిరాకు. మలుపు తిరిగితే రేడియో వెంటనే ఇంకో కూత పెడుతుంది మరి. అందుకే గుడికి పది నిమిషాల దారిని అరగంట చేసి, పిల్లలకి కడుపులో తిప్పేదాకా సందులన్నీ తిప్పుతారు.

కారులో ఉంటే కాల్‌సైన్ (రేడియోలో ఆయన పేరు) వెనక 9 తగిలిస్తారు, చేతి రేడియోతో నడిస్తే 7. "ఇంట్లో ఉంటేనో?" అనడిగింది అక్కయ్య. "ఏమీ తగిలించం. సున్నా కింద లెక్క." "నా లెక్కా అదేలెండి," అంది.

ఈ ఏపీఆర్ఎస్ కనిపెట్టిన బాబ్ బ్రునింగా అమెరికా నౌకాదళ అకాడమీలో ఇంజనీరుగా పనిచేసేవాడు. 1984లో నూరు మైళ్ల గుర్రాల పరుగులో ఏ గుర్రం ఎక్కడుందో చెప్పడానికి విక్-20 కంప్యూటర్ మీద దీని పాతరూపం ఒకటి నడిపాడు. ఇది ఉత్త బండ్ల జాడ తీసే పరికరం కాదర్రా, కబుర్లు అటూ ఇటూ నడవాలని తరవాత ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు. బావగారు ఆ గుర్రాల దగ్గరే ఆగిపోయారు.

బ్రునింగా మాట మా అక్కయ్యకి ఎక్కింది. హామ్ లైసెన్సుకి రాసే టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలకి 26 వస్తే చాలు. రాసింది, కాల్‌సైన్ తెచ్చుకుంది. మెసేజ్ 67 అక్షరాలు దాటకూడదని రూలు. ఆవిడకి అన్నెందుకు? ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది: "పెరుగు లేదు. తెండి."

బావగారు చూశారో లేదో గాని, కారులో రేడియో అందినట్టు తనంతట తనే రసీదు పంపేసింది. ఆ రసీదు ఫిన్లాండ్ నుంచి నడిచే మ్యాప్ సైటుకీ ఎక్కింది. ఇక 'చూసుకోలేదే' అనే దారి మూసుకుపోయింది. ఆ సాయంత్రం చుక్క ఒక్క మలుపైనా అదనంగా తిరక్కుండా ఇండియన్ స్టోరుకి వెళ్లింది.