బ్లూటూత్ బావ

కువైట్‌లో మనవాళ్లు పనిచేసే చోట ఒక ఓనరు ఉంటాడు, ముదీర్ అనే మేనేజరు ఒకడుంటాడు, వాళ్లిద్దరి లెక్కలోకీ రాని బ్లూటూత్ బావ ఒకడుంటాడు. అది ఫర్వానియాలో బకాలా అనే కిరాణా కొట్టు కావచ్చు, ఖైతాన్‌లో సెలూన్ కావచ్చు, షువేఖ్‌లో కార్ల గ్యారేజీ కావచ్చు, మాలియాలో ఆంధ్రా మెస్సు కావచ్చు. జీతాల పట్టీలో ఆయన పేరు కిందినుంచి రెండోదో మూడోదో. అరల్లో సరుకు సర్దడమో టైర్లు విప్పడమో ఆయన డ్యూటీ. కానీ ఆ కప్పు కింద చెవులున్న ప్రతి మనిషీ పొద్దుణ్నుంచి రాత్రి దాకా ఏం వినాలో తేల్చేది ఆయనే. కోడూరువాడికీ రాయచోటివాడికీ కోనసీమవాడికీ ఆయన బావే. ఆ వరస ఎట్లా కలిసిందని ఎవరూ అడగరు. బకాలా అయితే టూనా డబ్బాల అరలో, పైనుంచి రెండో వరసలో, చారెడు స్పీకరు ఒకటి కూచుని ఉంటుంది. కొని మూడేళ్లయినా దానిమీది ప్లాస్టిక్ కాగితం ఊడదీయనివ్వడు. షట్టరు సగం లేచేసరికే జేబులోని ఫోను దాన్ని పలకరిస్తుంది, లోపలి ఇంగ్లీషు అమ్మాయి 'కనెక్టెడ్' అంటుంది, ఆ రోజుకు పట్టాభిషేకం పూర్తయినట్టే. పొరపాటున ఇంకొకడి ఫోను ముందుగా కలిసిందా, బావకు మధ్యాహ్నం దాకా నడుం నొప్పి.

ఆయన కార్యక్రమానికి ఒక పద్ధతి ఉంది. పొద్దున తెరవగానే ఖురాన్ పఠనం. అది ఓనరు నియమం, దానికి తిరుగు లేదు. అది ముగిశాక పదింటికి బాలు పాటలు మొదలవుతాయి. ఎండ ముదిరి గిరాకీ పలచబడే వేళకు తొంభైల నాటి పాటలు. సాయంత్రం ఆరు దాటిందా, డప్పు మీద డప్పు. ఇంతవరకూ తెలుగు సామ్రాజ్యమే. అయితే క్యాష్ కౌంటర్లో మలయాళీ ఉంటాడు, గోడౌన్లో బంగ్లాదేశీ ఉంటాడు, కూరగాయల దగ్గర ఈజిప్టువాడు ఉంటాడు. వాళ్లతో ఒప్పందాలు చేసుకోకపోతే రాజ్యం నిలవదు. రెండు తెలుగు పాటలకు ఒక ఏసుదాసు, గురువారం రాత్రి ఒక గంట బెంగాలీ, ఈజిప్టువాడు అలిగిన రోజు ఉమ్ కుల్సుమ్. ఆవిడ పాట ఒకటి మొదలైతే గంట దాకా ఆగకపోవచ్చు గనక ఈజిప్టువాణ్ని అలగనివ్వకుండా చూసుకోవడం బావ రాజనీతిలో మొదటి పాఠం. ఎక్కడా తెగని తగువుకు ఇళయరాజా ఉన్నాడు. ఆయన బాణీలు కొన్ని తమిళంలో, తెలుగులో, మలయాళంలో, కన్నడంలో వేరువేరు మాటలతో తిరుగుతుంటాయి. ఏ భాషలో పెట్టినా దక్షిణాదివాడెవడో ఒకడు అది మా పాటే అంటాడు. దుకాణంలో అంతకన్నా గట్టి సంధిపత్రం ఉండదు.

ఈ మనిషిని న్యూసెన్సు కింద కొట్టిపారేయడం తేలిక, కొట్టిపారేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు ఆదర్శంగా చూపించేది పెద్ద మాల్‌ని. అల్ రాయ్‌లో 2007లో తెరిచిన ది అవెన్యూస్ లాంటి చోట పాట ఎంత మర్యాదగా ఉంటుందో చూడమంటారు. నిజమే, మర్యాదగానే ఉంటుంది. గొంతు పెద్దది చేయదు, మధ్యలో తెగదు, ఎవరి ఊరి యాసా దానికి అంటుకోదు. కానీ ఆ పాట ఎక్కడినుంచి వస్తోందో కనుక్కుని 'కాస్త తగ్గించండి' అని చెప్పి చూడండి. అమ్మకాల కుర్రాడు సెక్యూరిటీని చూపిస్తాడు, సెక్యూరిటీ కప్పును చూపిస్తాడు, కప్పు ఎవర్నీ చూపించదు. బావకూ మాల్‌కూ తేడా అంతా ఇక్కడే ఉందని నా వాదన. పాట మంచిదా చెడ్డదా అన్నది తర్వాత చూసుకోవచ్చు. 'రోంత తగ్గించు బావా' అనడానికి ఎదురుగా ఒక మొహం ఉందా లేదా అన్నది ముందు చూడాలి. మొహం ఉన్న పాటతో పోట్లాడవచ్చు. మొహం లేనిదాన్ని భరించడమే.

మొహం లేని పాట దానంతటది పుట్టలేదు, దాన్ని పనిగట్టుకుని తయారుచేశారు. తయారుచేసినవాడు సైన్యంలో పెద్ద అధికారి కావడంలో నాకేమీ వింత కనిపించదు. అమెరికా మేజర్ జనరల్ జార్జ్ ఓవెన్ స్క్వయర్ తీగల వెంట పాటను సరఫరా చేసే పద్ధతి కనిపెట్టి, 1934లో మ్యూజిక్ అన్న మాటకు కొడాక్ తోక తగిలించి తన కంపెనీకి మ్యూజాక్ అని పేరు పెట్టాడు. కుళాయిలో నీళ్లు వచ్చినట్టు గోడలోంచి సంగీతం. ఆ కంపెనీ తర్వాత ఫ్యాక్టరీల కోసం, ఆఫీసుల కోసం ఒక పథ్యం తయారుచేసింది: పావుగంట సేపు పాట పాటకూ ఊపు పెంచుకుంటూ పోవడం, తర్వాత పావుగంట నిశ్శబ్దం, మళ్లీ మొదలు. పనివాడు ఎప్పుడు నీరసపడతాడో లెక్కగట్టి సరిగ్గా ఆ వేళకు చురుకైన బాణీ వదలడం. ఎద్దును ముల్లుకర్రతో పొడిస్తే ఎద్దుకు తెలుస్తుంది, ఇక్కడ పొడిచినట్టు కూడా తెలియదు. కొనేవాడి సంగతీ అంతే. 1982లో రొనాల్డ్ మిల్లిమన్ అనే పరిశోధకుడు అమెరికాలో ఒక సూపర్ మార్కెట్లో పరీక్ష పెట్టి చూస్తే, వేగంగా పోయే సంగీతం ఉన్నప్పటికన్నా నిదానంగా సాగే సంగీతం ఉన్నప్పుడు అమ్మకాలు 38 శాతం ఎక్కువ తేలాయి. నడక మందగిస్తుంది, చెయ్యి అరవైపు పోతుంది. 1997లో బ్రిటన్లో ఇంకో జట్టు ద్రాక్షసారాయి అరల దగ్గర ఒకరోజు ఫ్రెంచి సంగీతం, ఒకరోజు జర్మన్ సంగీతం పెట్టింది. ఫ్రెంచి పాట ఉన్ననాడు ఫ్రెంచి సీసాలు, జర్మన్ పాట ఉన్ననాడు జర్మన్ సీసాలు ఎక్కువ కదిలాయి. పాట వల్లే కొన్నామని ఒప్పుకున్నవాళ్లు మాత్రం బహు కొద్దిమంది. కువైట్‌లో మద్యనిషేధం కాబట్టి ఆ పరీక్ష ఇక్కడ ఖర్జూరాలతో చేయాలి. బావ పాటకు ఇట్లాంటి దురాలోచన ఏదీ అంటగట్టలేం. దానివల్ల బకాలాలో ఒక లబన్ మజ్జిగ సీసా ఎక్కువ అమ్ముడుపోయిందని ఓనరు ఏనాడూ అనడు, బావ కూడా అనుకోడు.

మాల్‌లో పాట ఎవరికోసం అన్నది ఒకటైతే, ఎవరి చెవిలో పడుతుందన్నది ఇంకొకటి. కొనేవాడు ఇరవై నిమిషాలు విని పోతాడు. కౌంటరు దగ్గర నిలబడ్డ పిల్ల పోలేదు. కువైట్‌లో ప్రైవేటు కొలువులకు 2010 నాటి 6వ నంబరు చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అంటుంది. దుకాణం జాబితాలో అరవై పాటలున్నాయనుకోండి, నాలుగు నిమిషాల చొప్పున నాలుగు గంటలకు తిరిగి మొదటికొస్తుంది. అంటే ఒక్కో పాట రోజుకు రెండుసార్లు, వారానికి పన్నెండుసార్లు, సెలవులు తీసేసినా ఏడాదికి ఆరువందలసార్లు. పెళ్లినాటి మంత్రం కూడా మనిషి అన్నిసార్లు వినడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బీబీసీ 1940 నుంచి ఫ్యాక్టరీల కోసం 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే కార్యక్రమం నడిపింది. అందులో 'డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సస్' అన్న పాటను మాత్రం రానివ్వలేదు. ఆ పాటలో చప్పట్లు కొట్టే చోటొకటి ఉంది. అక్కడికి రాగానే కార్మికులు చేతిలో ఉన్న పనిముట్లతో బల్లలు వాయించేస్తారని భయం. పాట విని చక్కగా పనిచేయాలి గానీ పాటకు బదులివ్వకూడదన్నమాట. మొహం లేని సంగీతం తత్వం ఇంతకన్నా సూటిగా ఎవరూ బయటపెట్టుకోలేదు.

బదులిచ్చే సంగీతం ఎట్లా ఉంటుందో కువైట్‌కు తెలియంది కాదు. చమురు ఎగుమతి మొదలైన 1946కు ముందు, ముత్యాల వేట సాగిన రోజుల్లో, పడవ మీద 'నహ్హామ్' అని ఒకడుండేవాడు. వాడి ఉద్యోగమే పాట. లంగరు లాగేటప్పుడు ఒక పాట, తెరచాప ఎత్తేటప్పుడు ఒకటి, తెడ్డు వేసేటప్పుడు ఇంకొకటి. వాడు గొంతెత్తితే జట్టంతా కడుపులోంచి మూలిగినట్టు వంత పాడాలి, ఆ వంతలోనే తాడు కదలాలి. 1938-39లో కువైటీ ఓడలో ప్రయాణం చేసిన ఆస్ట్రేలియా నావికుడు ఆలన్ విలియర్స్ తన 'సన్స్ ఆఫ్ సింద్‌బాద్' పుస్తకంలో ఆ నావికుల పాటలకు చాలాచోటే ఇచ్చాడు. మనకు కొత్తేం కాదు ఇది. నాట్లప్పుడు ఒకామె ఎత్తుకుంటే వరస మొత్తం అందుకోవడం, బరువు లాగేటప్పుడు హైలేసా, రోటి దగ్గర దంపుళ్ల పాట. ఆ పాడేది ఎవరో అందరికీ తెలుసు. గొంతు బాగలేకపోతే అక్కడికక్కడే చెప్పేవాళ్లు కూడా. బ్లూటూత్ బావ ఈ వంశంవాడేనని నేనంటే నవ్వకండి. ఎనభైల్లో కువైట్ నుంచి వచ్చినవాడు టూ-ఇన్-వన్ భుజానేసుకుని ఊళ్లోకి దిగేవాడే, ఆయన ఈయనకు పెదనాయన.

నవ్వేవాళ్ల అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయలేను. నహ్హామ్ పాడాడు, బావ వేలితో నొక్కుతున్నాడు. నహ్హామ్‌ది జట్టు పాట, బావది బావ పాట. ఇందులో సగం ఒప్పుకుంటాను. బావ ఏ పాటా పూర్తిగా విననివ్వడు. పల్లవి అయి మొదటి చరణం అందుకోగానే ఇంకో మంచి పాట గుర్తొస్తుంది, మార్చేస్తాడు. ఆయన దగ్గర మూడేళ్లు పనిచేసినవాడికి వెయ్యి పల్లవులు వస్తాయి, ఒక్క చరణం రాదు. డబ్బు కట్టి ప్రకటనలు వదిలించుకోవడం ఆయనకు దుబారా, కాబట్టి విరహగీతం మధ్యలో అత్తరు ప్రకటన అరబ్బీలో ఊడిపడుతుంది. అన్నిటికన్నా ప్రమాదం, ఫోను స్పీకరుకు కలిసి ఉందన్నది మరిచిపోయి కాల్ ఎత్తడం. పాట టక్కున ఆగిపోయి, టూనా డబ్బాల మధ్యనుంచి కడప జిల్లా గొంతు దుకాణమంతా మోగుతుంది: "ఏమయ్యో, పిల్లోని ఫీజుకు లెక్క పంపినావా లేదా?" లబన్ సీసా పట్టుకుని నిలబడ్డ దిష్‌డాషా అంగీ తొడుక్కున్న పెద్దాయన ఆ అరకేసి చూస్తాడు. బావ ఫోనును రెండు చేతులా కడుపుకు అదుముకుని గోడౌన్లోకి పరిగెడతాడు, దాంతో ఫోను దూరమై 'డిస్‌కనెక్టెడ్' అంటుంది ఇంగ్లీషు అమ్మాయి. ఇన్ని తప్పులున్నాయి. కానీ ఒక్కోటీ జట్టుకు తెలిసిన తప్పు, జట్టు ఎత్తిచూపి నవ్వగలిగిన తప్పు. మాల్ కప్పు మీద ఇట్లాంటి ఒక్క నవ్వు కూడా పుట్టదు.

ఇంకొందరు చెవిలో పెట్టుకునేవి వచ్చాక ఈ గొడవంతా దేనికంటారు. ఎవడి పాట వాడిది, శుభం. షువేఖ్ గ్యారేజీలో జాకీ మీద లేచిన బండి కింద పడుకున్నవాడు చెవులు మూసుకుంటే పైవాడి కేక ఎవరు వింటారు? క్యాష్ దగ్గరివాడు చెవులు మూసుకుంటే 250 ఫిల్స్ తక్కువ ఇచ్చానని అరిచే కస్టమరుకు జవాబెవరిస్తారు? మరికొందరు అసలు ఏ పాటా వద్దంటారు. వాళ్లకు పెద్ద దన్నే ఉంది: 1969లో అంతర్జాతీయ సంగీత మండలి పారిస్ సభలో, అడగకుండా మీదపడే సంగీతాన్ని ఖండించి, నిశ్శబ్దం మనిషి హక్కని తీర్మానించింది. సంగీతజ్ఞులే ఆ మాట అన్నారంటే గౌరవించాల్సిందే. కాకపోతే జూలైలో కువైట్ బకాలాలో పాట తీసేస్తే మిగిలేది నిశ్శబ్దం కాదు, రెండు ఫ్రిజ్‌లు, ఒక ఏసీ కంప్రెసరు. పన్నెండు గంటలు వాటి మోత వినడం హక్కయితే కావచ్చు, అడిగి తీసుకునే హక్కు మాత్రం కాదు. అసలు హక్కు లేని చోటు వేరే ఉంది. మన ఆడవాళ్లు పనిచేసే ఇళ్ల వంటగదుల్లో ఫోను పిండిడబ్బా పక్కన ఉంటుంది, పాట చపాతీ కర్ర చప్పుడు కన్నా తక్కువలో పాడుతుంటుంది. అక్కడ తగ్గించమనే మనిషి ఇంటి 'మామా', అంటే యజమానురాలు. పెంచమని ఆవిడతో చెప్పగల మనిషి లేదు. బావ దుకాణంలో గొంతులన్నీ ఒకదాన్నొకటి అదలించుకుంటాయి: మలయాళీ "మతి మతి" అంటాడు, ఈజిప్టువాడు "సౌత్ షువయ్యా" అంటాడు, బావ "ఖల్లీ వల్లీ" అని కొట్టిపారేస్తూనే రెండు గీతలు తగ్గిస్తాడు. ఆ రెండు గీతల కోసం ఏ తీర్మానమూ అక్కర్లేకపోయింది.

అజాన్ వేళ మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. మసీదు మైకులో మొదటి మాట పడేలోపే బావ వేలు తెర మీద ఉంటుంది; నమాజు వేళలు ఆయనకు ఇమాముకు తెలిసినంత బాగా తెలుసు. దుకాణం ఒక్కసారిగా చిన్నదైపోతుంది. ఫ్రిజ్ మోత, బయట బస్సు, కోడిగుడ్ల అట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చే చప్పుడు. అజాన్ అయిపోయాక కూడా బావ వెంటనే నొక్కడు, మర్యాదకు రెండు నిమిషాలు ఆగుతాడు. ఆ రెండు నిమిషాల్లో గోడౌన్ లోపలినుంచి కూనిరాగం వినిపిస్తుంది. పొద్దుణ్నుంచి సౌండు ఎక్కువైందని సణుగుతున్న బంగ్లాదేశీ, ఆగిపోయిన తెలుగు పాటను ఆగిన చోటినుంచి అందుకుని, ఉన్న మాటలు సగం మింగేసి లేని మాటలు సగం కలిపి పాడుకుంటున్నాడు. చరణంలోకి కూడా వెళ్లిపోయాడు. బావ చేతిలో బిస్కెట్ పెట్టె అట్లాగే పట్టుకుని, "ఒరే, అది అట్ల కాదురా" అని సరిచేయబోయి, తనకూ చరణం రాదని గుర్తొచ్చి, ఫోను నొక్కుతాడు. అత్తరు ప్రకటన వస్తుంది.