కుదిపితే ఆట బందు

జూదానికి కోటు తొడిగి టై కడితే దాని పేరు నైపుణ్యం. ఈ కుట్టుపని మన వాళ్లు కనిపెట్టింది కాదు, షికాగోలో ఎప్పుడో మొదలైంది.

1931లో అక్కడ గాట్లీబ్ అనే ఆయన ‘బాఫిల్ బాల్’ అనే పిన్‌బాల్ ఆటబల్ల అమ్మకానికి పెట్టాడు. ఒక్క సెంటు వేస్తే గుప్పెడు గోళీలు. స్ప్రింగు పుల్ల లాగి వదలడంతో మీ పాండిత్యం సరి. ఆ పైన గోళీ వాలుబల్ల ఎక్కి, మేకులకు ఢీకొంటూ, దాని బుద్ధికి తోచిన గుంటలో పడుతుంది. 1933లో బాలీ కంపెనీ వారి ‘రాకెట్’ వచ్చింది. గోళీ మంచి గుంటలో పడితే బల్లే డబ్బు కక్కేది. ఇదంతా నైపుణ్యమేనని యజమానుల వాదన.

ఆటగాళ్లు ఆ మాట నమ్మి, నిజంగానే నైపుణ్యం సంపాదించారు. నడుముతో ఓ తోపు, అరచేత్తో అడుగునుంచి ఓ చరుపు. గోళీ చెప్పినట్టు వినేది! మరి శాలువా కప్పారా? హారీ విలియమ్స్ అనే రూపకర్త బల్ల అడుగున మేకులు దిగ్గొట్టాడట, చరిచిన చేతికి గుచ్చుకునేలా. అది మరీ రక్తపాతమనిపించిందేమో, తర్వాత ‘టిల్ట్’ తయారుచేశాడు. బల్ల కుదిపితే ఆట బందు, వేసిన కాసు గోవిందా. మన తిరునాళ్లలో రింగులాటవాడే నయం. గీత దాటితే అరుస్తాడు గానీ, సబ్బుబిళ్ల కింద మేకులు పెట్టడు.

1942 జనవరిలో న్యూయార్క్ మేయర్ లా గార్డియాకు కోపమొచ్చింది. బడిపిల్లల చిల్లర మింగుతోందని ఆట నిషేధించి, సమ్మెట పట్టి, ఫొటోగ్రాఫర్ల ఎదుట బల్లలు పగలగొట్టాడు. ఆ దెబ్బలో మాత్రం నైపుణ్యం ఉంది, పడాల్సిన పత్రికల్లో పడింది.

తమాషా ఏమిటంటే, 1947లో గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ బల్లకు ఆరు ఫ్లిప్పర్లు బిగించింది. గోళీని తిప్పికొట్టే వీలు ఆటగాడికి అప్పుడొచ్చింది. నైపుణ్యం వచ్చేసరికి న్యూయార్క్‌లో ఆటే నేరం. 1976లో రోజర్ షార్ప్ అనే పాత్రికేయుడు నగర కౌన్సిల్ వారి ముందు, గోళీని నడిమి దారిలో పంపుతానని చెప్పి పుల్ల వదిలాడు. అలాగే వెళ్లింది. నిషేధం ఎత్తేశారు. ఆ దెబ్బ అదృష్టంకొద్దీ తగిలిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అది నైపుణ్యపు ఆటేనని అదృష్టం సాక్ష్యం చెప్పి గెలిపించింది!

మనం తక్కువ తిన్నామా? సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనంది. పందెం ఆటమీద ఆడించేవాడు లాభం తీస్తే నేరం కావచ్చనీ అదే తీర్పులో అంది. ఆన్‌లైన్ రమ్మీ యాప్‌ల వాళ్లు మొదటి మాటను పటం కట్టించి, రెండో మాటను పేకలో అడుగుముక్కగా తోసేశారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలు నిషేధించినా వాదన ఆగలేదు. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆ గోళీల లెక్కే వద్దనుకుంది. నైపుణ్యమైనా అదృష్టమైనా, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టించి ఆడించడం కుదరదంది.

రేపు మీ కుర్రాడు మరో కొత్త యాప్ చూపించి, ‘ఇది స్కిల్ గేమ్ నాన్నా’ అంటే తిట్టకండి. ఫోన్ చేతికి తీసుకుని ఓసారి గట్టిగా కుదపండి. వాడు పెట్టిన డబ్బు రాలితే నాకూ కబురు చేయండి.