గైడు మార్చాలి

ఆటోనగర్ అనగానే లారీ బాడీలే గుర్తొస్తాయి గానీ, ఆ వెనక వీధుల్లో గుమ్మాలూ కిటికీలూ చేసే షెడ్లు కూడా తక్కువేం లేవు. అలాంటి ఒక షెడ్డు ఓనరు సంక్రాంతి వెళ్ళాక ఫోన్ చేశాడు. "మాస్టారూ, రంపం మిషన్‌కి గైడు మార్చాలి. ఏది కొనమంటారో ఓసారి వచ్చి చూసి చెప్పండి." మిషన్లు బిగించి సరిచేయడమే నా వృత్తి. వెళ్ళాను.

పోతపోసిన ఇనప బల్ల, 12 అంగుళాల రంపం, నేరుగా బిగించిన మోటారు. నిమిషానికి 2880 చుట్లు. లెక్క కడితే ఆ రంపం పన్ను గంటకు 165 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. దాని పక్కన చెక్కను ఆనించి తోయడానికి ఉన్న గైడు మాత్రం ఒక పాత యాంగిల్ ముక్క. ముందు ఒకటే బోల్టు. వెనక కొస ఊగకుండా సీ క్లాంపు.

మిషన్ మీద పనిచేసే కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. అవనిగడ్డ వైపు మనిషి. అప్పుడే కోసిన వేప కమ్మి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. గైడు వైపు అంచు మీద విల్లులా వంగిన నల్లటి కాలిన చారలు, పక్కపక్కనే, కొసదాకా. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా మాడు వాసన వస్తోంది.

"చెక్క చివరికొచ్చేసరికి పట్టేస్తోంది బాబాయ్. క్లాంపు వేసినా ఆగట్లేదు" అన్నాడు.

ఓనరు టేపు తెచ్చి ముందువైపు కొలిచి చూపించాడు. "కొలత కరెక్టుగానే ఉంది చూడండి!" ముందు కరెక్టే. బల్ల మీది గాడిలో మూలమట్టం ఆనించి వెనక కూడా కొలిచాను. అక్కడ గైడు రెండు మిల్లీమీటర్లు రంపం వైపు మూసుకుపోయి ఉంది.

అసలు ప్రమాదమంతా ఆ రెండు మిల్లీమీటర్లలోనే ఉంటుంది. గైడు రంపానికి సమాంతరంగా ఉండాలి. తేడా ఉంటే గింటే వెనక వైపు ఒక పోస్టుకార్డు మందమంత విచ్చుకుని ఉండాలి, మూసుకుని మాత్రం ఉండకూడదు. మూసుకుంటే చెక్క గైడుకీ రంపానికీ మధ్య ఇరుక్కుంటుంది. రంపం వెనక పళ్ళు కిందనుంచి పైకి లేస్తూ ముందుకు తిరుగుతుంటాయి కదా, ఇరుక్కున్న చెక్కను ఎత్తి తోసేవాడి మీదికే విసిరేస్తాయి. చెక్క ఎగిరిపోయిన క్షణంలో, దాన్ని బలంగా తోస్తున్న చెయ్యి ఆగదు, రంపం మీదికి పోతుంది. పైగా ఇది కొండపల్లి బొమ్మల పొణికి కర్రలా తేలికైన చెక్క కాదు. బరువైన వేప, అందులోనూ సరిగ్గా ఆరనిది. కోస్తుంటేనే మెలి తిరుగుతుంది. రంపం వెనక చెక్క మూసుకోకుండా ఆపే బద్ద ఆ మిషన్‌కి అసలు లేనే లేదు. ఇదంతా ఓనరుకీ కుర్రాడికీ కలిపే చెప్పాను. కుర్రాడు ప్రతి మాటా విన్నాడు. ఓనరు, "అందుకేగా మాస్టారూ, మార్చేద్దామంటున్నా!" అన్నాడు.

ఆయన చేతిలో మూడు కొటేషన్లున్నాయి. ఒకటి కంపెనీ అల్యూమినియం గైడు, స్కేలూ భూతద్దంతో సహా, 18 వేలు. రెండోది హైదరాబాద్ బాలానగర్‌లో ఎవరో పాత మిషన్ నుంచి విప్పి అమ్ముతున్నది, 11 వేలు. మూడోది వెనక వీధి వెల్డింగ్ షాపువాడు చేసిస్తానన్న టీ ఆకారపు గైడు, 7 వేలు. ఈ టీ గైడు అమెరికాలో బిల్ బీస్మయర్ పేరు మీద ప్రసిద్ధికెక్కిన పద్ధతి. అడ్డపట్టీ, దానికి లంబంగా బరువైన చదరపు పైపు. ముందు ఒక్క చోట లివరు నొక్కితే బిగుస్తుంది. తల వెడల్పుగా ఉంటుంది కాబట్టి వెనక కొస పక్కకు జరగదు.

నేను సందేహం లేకుండా మూడోదే చెప్పాను. ప్లైవుడ్ షీట్లు కోసే షాపైతే ఆ భూతద్దాలూ అవీ ఉపయోగపడేవి. గుమ్మాలు చేసేవాళ్ళకు కావలసింది కదలని గైడు. వెల్డింగ్ వేడికి పైపు వంకరపోకుండా చూసుకుని, తల దగ్గర సరిచేసుకోవడానికి గ్రబ్ స్క్రూలు పెట్టించుకుంటే చాలు. దాని ముందు రంపం మధ్య వరకే వచ్చే చెక్క పలక ఒకటి బిగిస్తే, కోసిన ముక్క అవతల విచ్చుకోవడానికి చోటుంటుంది. రంపం వెనక బద్ద కూడా వాడి చేతే చేయించమన్నాను.

ఉన్న గైడును అప్పటికి సరిచేసి బిగించాను. బోల్టు రంధ్రం కోలగా అరిగిపోయింది, నాలుగు కోతలకే మళ్ళీ జరిగింది. "కొత్తది వచ్చేదాకా మిషన్ ఆపండి" అన్నాను.

"మాఘమాసం మాస్టారూ!" అన్నాడు ఓనరు. "కంకిపాడులో ఒకళ్ళు, ఉయ్యూరులో ఇద్దరు గుమ్మాలెత్తే ముహూర్తాలు పెట్టుకుని కూర్చున్నారు. ముహూర్తానికి గుమ్మం అందకపోతే మళ్ళీ నా మొహం చూస్తారా? వెల్డింగ్ వాణ్ణి ఆరువేలకు దింపుతున్నా. దిగగానే చేయించేస్తా."

అటు తర్వాత కూడా ఫోన్లు చేశాడు. పైపు మందం పెంచితే బరువెంత? బాలానగర్ వాడు తొమ్మిదికి వస్తున్నాడు, అది తీసుకుంటే ఎలా ఉంటుంది? ప్రతిసారీ అదే మాట చెప్పాను, వెల్డింగ్ గైడు చేయించండి, ఈ రోజే చేయించండి అని.

మాఘం వెళ్ళిపోయాక అదే వీధిలో వేరే పని పడి ఆ షెడ్డులోకి తొంగిచూశాను. రంపం తిరుగుతోంది. అదే యాంగిల్ ముక్క, వెనక అదే సీ క్లాంపు. ఓనరు ఎదురొచ్చి కూర్చోబెట్టి టీ చెప్పాడు.

"గైడు చేయించలేదా?"

"ఎక్కడ మాస్టారూ! గైడుకని పక్కన పెట్టిన డబ్బు కుర్రాడి ఆసుపత్రికి అయిపోయింది. ఉయ్యూరు గుమ్మం, ముహూర్తానికి ముందు రోజు రాత్రి..." అంటూ తన కుడిచేతి చూపుడు వేలూ మధ్య వేలూ మడిచి చూపించాడు.

1923 నాటి పరిహార చట్టంలో ఇలాంటివాటికి ఒక పట్టిక ఉండేది. చూపుడు వేలు మొత్తం పోతే నూటికి 14 పాళ్ళ సంపాదన పోయినట్టు, మధ్య వేలైతే 12.

"నేనేం వాణ్ణి గాలికి వదిలెయ్యలేదండీ" అన్నాడు ఓనరు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "బిల్లంతా నేనే కట్టా. వాళ్ళమ్మ వచ్చి, సంపాదించే చెయ్యి పోయింది, ఇక ఇల్లెట్లా గడుస్తుంది బాబూ అని ఏడ్చింది. చూస్తూ ఊరుకోలేకపోయా." మిషన్ వైపు తిరిగి కేకేశాడు. "ఒరే, అది ఆపి ఇటు రా. మాస్టారికి నమస్కారం పెట్టు."

మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు చేతులకంటిన పొట్టు దులుపుకుంటూ వచ్చాడు.

"వాడి తమ్ముడేనండీ."