నాలుగు గీతల వైభోగం

ఫోను పైమూలన నాలుగు గీతలూ నిండుగా వెలుగుతుంటాయి. అవతలి మనిషి గొంతు మాత్రం ముక్కలు ముక్కలుగా రాలుతుంటుంది. గీతలున్నాయి కదా, మాటెందుకు లేదని అడిగే అమాయకులు ఈ దేశంలో ఇంకా మిగిలే ఉన్నారు. ఈ వారం వాళ్ళకి అంకితం.

ముందు ఆ గీతల పుట్టుపూర్వోత్తరాలు. ఫోనుకి అందే సిగ్నల్‌ని డీబీఎం అనే లెక్కలో కొలుస్తారు. అంకె ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. మైనస్ 80 అంటే దివ్యం, మైనస్ 115 అంటే దేవుడే దిక్కు. మూడంటే మూడంకెలు దిగితే బలం సగమైపోతుంది. ఇంత పద్ధతైన లెక్కలో ఏ అంకెకి ఎన్ని గీతలు వెయ్యాలన్నది మాత్రం ఫోను చేసినవాడి దయ. ఒకే గుమ్మంలో నిలబడి రెండు కంపెనీల ఫోన్లు తీస్తే ఒకదానిలో రెండు గీతలు, ఇంకోదానిలో నాలుగు. పైగా గీత చెప్పేది టవర్ గొంతు ఎంత గట్టిగా వినపడుతోందని మాత్రమే. ఆ టవర్ని పట్టుకుని ఇంకెంతమంది వేలాడుతున్నారో చెప్పదు.

2010లో ఐఫోన్ 4ని కింది ఎడమ మూల పట్టుకుంటే గీతలు మాయమవుతున్నాయని అమెరికాలో గగ్గోలు పుట్టింది. జులై 2న ఆపిల్ ఒక బహిరంగ లేఖ రాసింది. గీతల్ని లెక్కగట్టే మా సూత్రమే పూర్తిగా తప్పు, చాలాసార్లు ఉండాల్సినవాటికంటే రెండు గీతలు ఎక్కువ చూపిస్తున్నాం, సరిదిద్దుతాం అని దాని సారాంశం. అదే లేఖలో ఇంకో వరం కూడా ఉంది: మొదటి మూడు గీతల్నీ కాస్త పొడుగు చేస్తాం, కళ్ళకి బాగా ఆనతాయి! (తర్వాత ఫోన్లకి ఉచితంగా తొడుగులు కూడా పంచారు లెండి.) నన్నడిగితే వైర్‌లెస్ వ్యాపారానికి ఉపనిషత్తు ఆ ఉత్తరమే. నెట్‌వర్క్‌ని బాగుచెయ్యడం కష్టం, కొలతని బాగుచెయ్యడం తేలిక.

మనవాళ్ళు తక్కువ తిన్నారా? తెగిపోయే కాల్స్ నూటికి రెండు మించరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. చాలాకాలం దాన్ని సర్కిల్ మొత్తానికి నెల సగటు తీసి చూసేవారు. 2014లో రాష్ట్రం రెండైంది గానీ టెలికాం సర్కిల్ ఇప్పటికీ ఒక్కటే, పేరు ఆంధ్రప్రదేశే. కృష్ణా నీళ్ళ దగ్గర కుదరని సఖ్యత కాల్ డ్రాపుల దగ్గర కుదిరింది. బంజారాహిల్స్‌లో హాయిగా సాగిన సంభాషణా, పాడేరు కొండల్లో మధ్యలో తెగిన సంభాషణా కలిపి భాగిస్తే సర్కిల్ ఆరోగ్యం భేషుగ్గా ఉండేది. సగటు చేసే మాయ ట్రాయ్‌కీ తెలిసొచ్చింది. అందుకే 2017 అక్టోబరు నుంచి సగటుని పక్కనపెట్టి, నూటికి 90 సెల్స్ నూటికి 90 రోజులు ఎలా పనిచేశాయన్నది చూడడం మొదలెట్టింది.

అయినా లెక్కలోకి రావాలంటే ముందు కాల్ తెగాలి కదా. అసలు విద్య అక్కడుంది. సిగ్నల్ చచ్చిపోయాక కాల్‌ని తెంచెయ్యడానికి నెట్‌వర్క్ ఎంతసేపు ఆగాలో నిర్ణయించే అమరిక ఒకటుంది, రేడియో లింక్ టైమౌట్ అంటారు. ఆ గడువు పొడిగిస్తే చాలు. మాట పోయినా కాల్ ప్రాణాలతోనే ఉంటుంది. మీరు "హలో, వినపడుతోందా" అని అరిచి అరిచి, విసుగొచ్చి, ఎర్రబొత్తం మీరే నొక్కుతారు. ఇంకేముంది, రికార్డుల్లో అది తెగిన కాల్ కాదు, కస్టమరు తృప్తిగా ముగించిన కాల్. సెకన్ల చొప్పున బిల్లు వేసే రోజుల్లో ఆ నిశ్శబ్దానిక్కూడా మీటరు తిరిగేది. 2016 ప్రాంతంలో దీనిమీద ఢిల్లీలో పెద్ద రభసే జరిగింది. అది నెట్‌వర్క్ నడిపే మామూలు పద్ధతేనని కంపెనీలన్నాయి. నిజమే, మామూలు పద్ధతే.

తెగిన కాల్‌కి రూపాయి, రోజుకి గరిష్ఠంగా మూడు రూపాయల పరిహారం ఇవ్వాలని ట్రాయ్ ఒక ఆర్డరు వేసింది. 2016 జనవరి 1 నుంచి అమలన్నారు. మే 11న సుప్రీంకోర్టు కొట్టేసింది. మూడు రూపాయల ముచ్చట నాలుగు నెలలు దాటి కొద్దికాలమే.

ఇక ఇంటర్నెట్. కస్టమర్ కేర్ సంభాషణ మీకూ కంఠస్థమే అయ్యుంటుంది.

"సార్, మీకు ఫుల్ 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది సార్."

"డాలస్‌లో ఉన్న మనవడి మొహం కదలడం లేదమ్మా."

"ఒకసారి స్పీడ్ టెస్ట్ చెయ్యండి సార్."

స్పీడ్ టెస్ట్ సాధారణంగా దగ్గర్లో ఉన్న సర్వర్నే ఎంచుకుంటుంది. ఒక్కోసారి అది ఆ కంపెనీ సొంత ఆవరణలోనే ఉంటుంది. వియ్యాలవారింటి విందు ఎలా ఉందో వియ్యపురాలినే అడిగినట్టు. హైదరాబాదు నుంచి డాలస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి 2 లక్షల కిలోమీటర్ల చొప్పున పరుగెత్తినా, పోయి రావడానికి తక్కువలో తక్కువ 140 మిల్లీసెకన్లు. మొహం బిగుసుకుపోయేది దారిలో రాలిపోయే ప్యాకెట్ల వల్ల, వచ్చేవి కూడా ఒక వరసలో రాకపోవడం వల్ల. ఆ సంగతి చెప్పే అంకెలు ప్రకటనల్లో ఉండవు. అన్నట్టు 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లే. ఎనిమిదితో భాగించే పని మనకే వదిలేశారు.

న్యాయంగా చెప్పాలంటే ఇంట్లో వైఫై విషయంలో కంపెనీ పాపం సగమే, మిగతా సగం మన వాస్తు. రూటరు కనబడితే హాలు అందం చెడుతుందని టీవీ వెనకో, ఇనప బీరువా పక్కనో దాచేస్తాం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్ళు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాటుకీ ఒక రూటరు, అన్నీ ఆ మూడింటిమీదే. దానికితోడు ఎవరో మైక్రోవేవ్‌లో పులిహోర వేడిచేస్తే అదీ ఆ గాలిలోనే గోల చేస్తుంది.

కాబట్టి కొలవదలిస్తే రాత్రి తొమ్మిదింటికి కొలవండి. రూటరుకి ల్యాప్‌టాప్‌ని తీగతో కలిపి ఒకసారి, లోపలి గదిలో తలుపేసి వైఫైతో ఒకసారి. తీగతోనే అంకె పడిపోతే పాపం కంపెనీది, రెండింటికీ మధ్య తేడా మీ ఇంటిది. మొబైల్ కంపెనీలు తమ కవరేజీ మ్యాపుల్ని వెబ్‌సైట్లలో పెట్టి తీరాలని 2024 నిబంధనల్లో ఉంది. మీ వీధి అందులో ఏ రంగులో ఉందో చూడండి. రంగుండి సిగ్నల్ లేకపోతే ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు తీసుకోండి. రోడ్లమీద కొలుచుకుంటూ తిరిగే టెస్ట్ బండి మీ పడకగదిలోకి రాదు.