వైద్యం ప్రశ్నలు రానివ్వండి, జవాబులు ఆపండి
మిద్దెతోట గ్రూపుల అడ్మిన్లకు కొన్ని తలకిందుల సలహాలు

“మా సొరకాయ కాస్త చేదుగా ఉందండీ. చేదు షుగరుకి మంచిదంటారు కదా, రసం తీసి తాగొచ్చా?”

మిద్దెతోట గ్రూపులో ఇలాంటి ప్రశ్న పడితే చాలామంది అడ్మిన్లు చేసేది ఒకటే. నియమాల్లో ‘ఆరోగ్య సలహాలు అడగరాదు, చెప్పరాదు’ అని ఉంటుంది కాబట్టి పోస్టు తీసేస్తారు. ‘దయచేసి మొక్కల గురించే మాట్లాడుకుందాం’ అని కింద ఒక దండం బొమ్మ పెడతారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ప్రశ్నను తీయకండి, ఆ నియమాన్ని తీసేయండి. వినడానికి తలకిందులుగా ఉందని తెలుసు. ఇక్కడ రాసినవన్నీ ఇలాగే ఉంటాయి, అన్నీ నేను మనస్ఫూర్తిగా చెబుతున్నవే.

ఆ సొరకాయ ప్రశ్నకు మీ గ్రూపును మించిన చోటు లేదు. సొర, దోస, గుమ్మడి జాతి పాదుల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి. మనం తినే కాయల్లో మామూలుగా చాలా తక్కువ. ఎండ మండిపోతున్నప్పుడు, నీళ్లు చాలనప్పుడు అవి పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద ప్లాస్టిక్ డ్రమ్ములో పెరిగే పాదుకు ఈ రెండు కష్టాలూ ఉంటాయి. అలాంటి కాయ రసం తాగితే కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, విరేచనాలు వస్తాయి. ఒక్కోసారి రక్తపు వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. దీనికంటూ విరుగుడు మందు లేదు. వచ్చిన లక్షణాలకు ఆసుపత్రిలో వైద్యం చేయవలసిందే.

2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఈ రసం తాగి చనిపోయారు. ఆ తర్వాత భారతీయ వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, నిపుణుల కమిటీ వేసింది. కమిటీ చెప్పిన మాటలు ఏ ఇల్లాలైనా పాటించగలిగినవే. రసం తీసేముందు చిన్న ముక్క కొరికి చూడాలి. చేదుగా ఉంటే పారేయాలి. ఆ రసాన్ని వేరే రసాలతో కలపకూడదు. తాగాక వికారమో వాంతులో మొదలైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. షుగరు కోసం తాగేవాళ్లు సొరకాయ రసంలో కాకరకాయ రసం కలపడం మామూలే. కలిపితే ఏ చేదు దేనిదో నాలుకకు తెలియదు. కాకర చేదు వేరు, సొర చేదు వేరు అని చెప్పగలిగేది పాదు పెంచినవాళ్లే. ఇప్పుడు చెప్పండి, ఇది తోట ప్రశ్నా, వైద్యం ప్రశ్నా? ‘ఆరోగ్యం’ అన్న మాట కనబడగానే పోస్టు తీసేసే నియమం ఈ రెండింటి మధ్య గీత గీయలేదు. గీయబోతే ముందు పోయేది ఈ ప్రశ్నే.

ఇంకో సంగతి. తీసేసిన ప్రశ్న ఎక్కడికీ పోదు, ఇన్‌బాక్సులోకి పోతుంది. ‘మీ పోస్టు చూశానమ్మా, నా దగ్గర ఒక పొడి ఉంది’ అంటూ ఒకాయన విడిగా మెసేజ్ పెడతాడు. గ్రూపులో ఆ మాట అని ఉంటే పదిమంది చూసేవారు, అందులో ఒక్కరైనా ‘ఆగండి’ అనేవారు. ఇన్‌బాక్సులో ఆ ఒక్కరు ఉండరు. అందుకే ప్రశ్నను వెలుతురులో ఉంచండి.

పొరపాటున మింగినవాటి గురించి అడిగితే, మందు చెప్పకుండా మొక్క పేరు చెప్పండి

ఫేస్‌బుక్‌లో ‘పాయిజన్స్ హెల్ప్’ పేరుతో ఒక గ్రూపు ఉంది. పిల్లలో, పెంపుడు జంతువులో తెలియని మొక్కనో పుట్టగొడుగునో తిన్నప్పుడు జనం అక్కడ ఫోటో పెడతారు. దాన్ని నడిపేది మొక్కలు, పుట్టగొడుగులు గుర్తుపట్టగల స్వచ్ఛంద కార్యకర్తలు. గుర్తించే పని వాళ్లకే వదిలేయాలి, తతిమ్మా సభ్యులు ఊహించి రాయకూడదు. వాళ్లు కూడా అది ఫలానా మొక్క అని చెబుతారు, వైద్యం సంగతి వైద్యులకే వదిలేస్తారు. ఒక అభిరుచి తన హద్దులో ఉంటూనే ప్రాణం కాపాడే తీరు ఇదీ.

మీ గ్రూపు కూడా చేయగల పనే ఇది. అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరుకు డిఫెన్‌బేకియా ఆకుకీ మనీప్లాంటు ఆకుకీ తేడా తెలియకపోవచ్చు, మీ సభ్యులకు తెలుసు. డిఫెన్‌బేకియా కొరికిన పిల్లాడికి నోరు మండి వాస్తుంది, ఆకులోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు అందుకు కారణం. పచ్చగన్నేరు సంగతి వేరు, అది గుండె లయనే దెబ్బతీస్తుంది. అడవినాభి దుంపలో కోల్చిసిన్ ఉంటుంది. అందమైన పువ్వని కుండీల్లో పెంచుతున్నవాళ్లు ఎంతమందో.

కాబట్టి నమ్మకంగా మొక్కల్ని గుర్తుపట్టే నలుగురిని ముందే ఎంచుకోండి. అలాంటి ప్రశ్న వస్తే వాళ్లు తప్ప ఎవరూ రాయకూడదు. వాళ్ల మొదటి వాక్యం కూడా మొక్క పేరు కాకూడదు. ‘ముందు ఆసుపత్రికి బయల్దేరండి, దారిలో మాట్లాడుకుందాం’ అన్నది మొదటి వాక్యం. ఆ తర్వాత పూర్తి కొమ్మ ఫోటో అడగాలి. ఆకు, పువ్వు, కాయ, మూడూ కనపడాలి. ఎంత తిన్నారు, ఎప్పుడు తిన్నారు, వయసెంత అని అడిగి, ఆ వివరాలు కాగితం మీద రాసుకుని, కొమ్మను కవర్లో వేసుకుని వెళ్లమనాలి.

వేపనూనె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనం మందులు వాడం, సేంద్రియమే అనుకుంటూ ఆ సీసాను వంటింటి గట్టు మీదే పెట్టేస్తాం. పసిపిల్లల కడుపులోకి వేపనూనె వెళ్లి ఫిట్స్ వచ్చిన, మెదడూ కాలేయమూ దెబ్బతిన్న కేసులను మన దేశంలోనూ మలేసియాలోనూ వైద్యులు నమోదు చేశారు. ‘సహజమైనదే కదా, ఏం కాదు’ అనే జవాబు ఇక్కడ ప్రాణాంతకం. అలాగే ‘ఉప్పునీళ్లు తాగించి కక్కించండి’ అనే జవాబు కూడా. కక్కించబోతే ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఈ రెండు మాటలు కనపడితే ఆలోచించకుండా తీసేయండి, రాసింది ఎంత పెద్దవారైనా సరే. సీసానో డబ్బానో లేబుల్‌తో సహా డాక్టరుకు చూపించమనండి, పురుగుమందైతే మరీ ముఖ్యం.

పాము ఫోటో వస్తే పేరు చెప్పకండి

మొక్కల విషయంలో చెప్పినదానికి ఇది పూర్తిగా ఎదురు. పెరటితోటలో పాము కాటేసిందని ఫోటో పెడితే, ‘ఇది విషం లేనిదే’ అనడానికి గ్రూపులో ఎప్పుడూ ఒకరు సిద్ధంగా ఉంటారు. ఆ మాట నమ్మి ఇంట్లో కూర్చుంటే పోయేది ప్రాణం. మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు పాములు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఉమ్మడి విరుగుడే ఆసుపత్రుల్లో ఇస్తారు. కాబట్టి ఏ పామో తేలేదాకా ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. కట్లపాము రాత్రిపూట కాటేస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడకపోవచ్చు. రెప్పలు వాలిపోయి ఊపిరి ఆడకపోవడం ఆ తర్వాత మొదలవుతుంది. దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సగటున ఏడాదికి 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. ఆ భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది.

గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, పీల్చొద్దు, కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. ఇంతవరకే చెప్పి ఆ పోస్టు కింద వ్యాఖ్యలు మూసేయండి.

అనుభవాలు చెప్పనివ్వకండి

ఇది చాలామందికి కష్టంగా ఉంటుంది. తోటల గ్రూపు నిలబడేదే అనుభవాల మీద. నా టమాటాకు ఇలా చేస్తే కాసింది, మీరూ చేసి చూడండి అంటాం. చూస్తే పోయేది ఒక టమాటా మొక్క. అదే అలవాటుతో ‘మా అత్తగారికి తిప్పతీగ కషాయంతో తగ్గింది’ అంటాం. తగ్గినవాళ్లు రాస్తారు. ముదిరినవాళ్లు ఆసుపత్రిలో ఉంటారు, గ్రూపులో ఉండరు. అందుకే గ్రూపులో ప్రతి ఆకూ పనిచేసినట్టే కనబడుతుంది.

తిప్పతీగనే చూడండి. కోవిడ్ రోజుల్లో కొమ్మలు పంచుకోని మిద్దెతోట లేదు. 2021లో ముంబై వైద్యులు, ఆ మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి, తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి రాశారు. రెండో అధ్యయనంలో 43 మంది ఉన్నారు. తిప్పతీగ సురక్షితమేననీ, దాని పోలికలే ఉన్న టినోస్పోరా క్రిస్పాను చూసి పొరబడకూడదనీ ఆయుష్ మంత్రిత్వశాఖ అంది. ఈ వాదన తేల్చడం మన పని కాదు. కానీ ఒక్కటి గమనించండి. ఆయుష్ శాఖ మాటే సరైనదనుకున్నా, తీగను సరిగ్గా గుర్తుపట్టడం అనే బరువు పెంచేవాళ్ల మీదే పడుతుంది. కొమ్మ ఎలా నాటాలో చెప్పండి, రెండు తీగలకూ తేడా ఏమిటో ఫోటోలతో చూపించండి. ఎన్ని ఆకులు, ఎన్ని రోజులు అన్న చోట ఆగిపోండి. కాలేయ జబ్బు ఉందా, వేరే మందులేమైనా వాడుతున్నారా అన్నది మీకు తెలియదు, గ్రూపులో అడిగి తెలుసుకోవడం మర్యాదా కాదు.

రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందులు వాడుతున్నవాళ్ల ఆకుకూరల సంగతీ ఇంతే. ‘విటమిన్ కె ఉంటుంది, తోటకూర మానేయండి’ అని ఎవరో అంటారు. వైద్యులు మామూలుగా చెప్పేది మానేయమని కాదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినమని. ఒకేసారి మానినా, ఒకేసారి పెంచినా మందు లెక్క తప్పుతుంది. మేడ మీద పాలకూర విరగకాసిన వారమే ఈ ప్రశ్న వస్తుంది. ‘మీ డాక్టరు గారితో మాట్లాడేదాకా ఇప్పుడు తింటున్నంతే తినండి’ అన్న ఒక్క వాక్యం చాలు.

గ్రూపులో ఉన్న డాక్టరు గారిని వదిలేయండి

ప్రతి గ్రూపులో గులాబీలు పెంచే డాక్టరు ఒకరుంటారు. ప్రశ్న రాగానే అందరూ ఆయన పేరు ట్యాగ్ చేస్తారు. ఆయన గులాబీల కోసం వచ్చారు. రోగిని చూడకుండా, పాత కాగితాలు చూడకుండా, వందలమంది మధ్య మందు పేరు రాయమనడం ఆయనకూ అడిగినవారికీ అన్యాయం. ఫోన్లో వైద్యానికి 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలున్నాయి. వాటి ప్రకారం డాక్టరూ రోగీ ఒకరికొకరు ఎవరో తెలియాలి, రికార్డు ఉండాలి. గ్రూపు గోడ మీద అదేమీ జరగదు. ఆయన చేయగల గొప్ప సాయం ఒకటుంది. మీ పిన్ పోస్టును ఒకసారి చదివి తప్పులు దిద్దిపెట్టమనండి.

అమ్మకాల విషయంలో మాత్రం మెతకదనం వద్దు. షుగరు, క్యాన్సర్ వంటి 54 జబ్బులను నయం చేస్తామంటూ ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తోంది. ‘మా తోటలో పండిన పొడి, షుగరు మాయం, కిలో ఇంత’ అన్న పోస్టును అదే నిమిషంలో తీసేయండి. సభ్యుల పోస్టులకు మీరు జైలుకు పోతారన్న భయం అక్కర్లేదు. సభ్యుడు పెట్టిన అభ్యంతరకర పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యులు కారని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. తెలిసీ ఊరుకోవడం వేరే సంగతి.

మొక్కల విషం గురించి అడిగే ప్రశ్న వెనక ఒక్కోసారి ప్రమాదం కాక నిరాశ ఉంటుంది. అడిగే తీరులోనే తెలుస్తుంది. అలాంటి పోస్టుకు గ్రూపులో ఎవరూ జవాబు రాయకూడదు. దాన్ని నలుగురికీ కనపడకుండా పక్కకు తీయండి, వెంటనే మీరే ఫోన్ చేయండి. మనిషి దొరకకపోతే ఇంట్లోవాళ్లకు చేయండి. మానసిక సాయం అందించే టెలిమానస్ నంబరు 14416, పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. మీరు మాట్లాడుతూ ఉండగానే ఆ నంబరు ఇవ్వండి.

ఇక పిన్ చేసే పోస్టు చిన్నదిగా ఉండాలి. ‘ప్రాణం మీదికి వస్తే ఇక్కడ రాసి ఎదురుచూడకండి, 108. మొక్క, డబ్బా, ఫోటో వెంట తీసుకెళ్లండి. ఏ ప్రశ్నైనా అడగొచ్చు. మందు పేరు, మోతాదు ఎవరూ రాయకూడదు.’ ఇంతే. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. దాని నంబరు ఎవరో ఫార్వర్డ్ చేసినది కాకుండా, మీరే ఒకసారి ఫోన్ చేసి పలికిందని చూసుకున్నాకే పెట్టండి. ఆరు నెలలకోసారి మళ్లీ చేసి చూడండి.

రాత్రుళ్లు అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపు మూసేస్తుంటారు కొందరు. మూయకండి. మీ గ్రూపులో అమెరికాలో ఉంటూ గోంగూర, చిక్కుడు పెంచే సభ్యులు తప్పకుండా ఉంటారు. ఇక్కడ రాత్రి రెండైతే న్యూజెర్సీలో ఇంకా పగలే. వాళ్లలో ఇద్దరిని రాత్రి అడ్మిన్లుగా పెట్టండి. వాళ్లకు వైద్యం తెలియనక్కర్లేదు. ‘108కి చేశారా?’ అని అడగడం, చేసేదాకా వదలకపోవడం, ఇక్కడ నిద్రపోతున్న మీకు ఫోన్ కొట్టి లేపడం, ఈ మూడూ వస్తే చాలు.