పాపాయికో ప్రత్యేక గది!

పుట్టబోయే పాపకి ప్రత్యేక గది ఉండాలట. గోడలకి లేత రంగు, గాలీ వెలుతురూ ధారాళంగా. ఇళ్ల అలంకరణ నిపుణుల సలహా. చిత్తం! ఒకసారి కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో కార్మికుల లైన్ ఇళ్లకి దయచేయండి. ఉన్నదే ఒక గది, పక్కన వంటమూల. అది పాపకిస్తే తాత వీధిలో పడుకోవాలి. గాలికేం, ధారాళమే. కిటికీ తీస్తే, బంగారం తీశాక మిగిలిన సైనైడ్ గుట్టల దుమ్ము ఉయ్యాలదాకా వస్తుంది, గోడకి లేత రంగు కూడా ఉచితంగా అదే పూసిపోతుంది.

శివనసముద్రం జలపాతం కరెంటు 1902లోనే, బెంగళూరుకన్నా ముందే, ఈ గనులకొచ్చింది. భూమిలోకి మూడు కిలోమీటర్లు దాటి తవ్వారు. పైన ఇంకో గది కట్టడానికి మాత్రం చేతులు రాలేదు! 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక నాన్నలు చీకటితోనే బెంగళూరు రైలెక్కుతున్నారు.

కడుపుతో ఉన్నవాళ్ల ఇంట్లో గోడకి మేకు కొట్టకూడదంటుంది అవ్వ. మంచిదే, ఖర్చు తప్పింది. పాతచీర ఉతికి దూలానికి ఉయ్యాల కట్టేసింది. పుట్టాక ఎలాగూ 'బంగారు కొండా' అని ముద్దుచేస్తాం. చూపించడానికి కిటికీ అవతల కొండలున్నాయి, బంగారమే ఎప్పుడో తీసేసుకున్నారు.