తూకం

ధర్మవరంలో మా మామ మాస్టర్ వీవర్. హిందూపురంలో పట్టు కొని, రంగు వేయించి, మగ్గాలకు ఇస్తాడు. నూలు తూచి ఇస్తాడు, చీరా తూచే తీసుకుంటాడు. తేడా వస్తే కూలిలో కోత. పట్టు ధర అంత ఎక్కువగా ఉన్నప్పుడు తూకమే వద్దని నేననను. కానీ నూలు ఎక్కడ తగ్గినా దొంగ ముద్ర పడేది నేసేవాడి మీదే. అది అన్యాయం.

ఉగాదికి ముందు చిలకపచ్చ నూలు ఒక లచ్చి తగ్గింది. రాత్రంతా నూలు సంచులు కారు షెడ్డులోనే ఉన్నాయి. పొద్దున వాటిని లోపలికి మోసింది ఒక్కడే, చిన్నప్పటి నుంచి మామకే నేస్తున్న మనిషి.

"నేను తియ్యలేదన్నా" అన్నాడు.

మామ వినలేదు. లచ్చి ఖరీదు అతని కూలిలో పట్టుకున్నాడు. అతనికి కండెలు చుట్టిచ్చే భార్య ఆ వీధిలో తలెత్తుకుని నడవలేకపోయింది.

మామ కారు సెల్టోస్. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీలో తయారైంది. 2019 ఆగస్టు 8న అక్కడ మొదటి సెల్టోస్ బయటికొచ్చినప్పటి నుంచీ అది 'మన బండి' అని ఆయనకు మురిపెం. ఈ మధ్య ఏసీ వేస్తే ముక్కవాసన, గాలి కూడా సన్నగా వస్తోంది. క్యాబిన్ ఫిల్టర్ మార్చే పనికి మెకానిక్ షెడ్డుదాకా పోవడమెందుకని హిందూపురం నుంచి వస్తూ కొత్తది తెచ్చినాను. మన దుమ్ము దారులకు ఏడాదికోసారైనా మార్చాల్సిందే.

స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, లోపల రెండు పక్కలా ఉన్న స్టాపర్లు తిప్పి పీకితే డబ్బా కిందికి వాలుతుంది. దాని వెనక సన్నటి మూత. నొక్కి తీస్తే ఫిల్టర్ సొరుగులా బయటికొస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని మీదున్న గాలి బాణం పాతదానికి ఎటుందో అటే ఉండాలి.

చీర అప్పజెప్పడానికి వచ్చిన ఆ నేతగాడే ఫోన్ లైటు పట్టుకున్నాడు.

ఫిల్టర్ సగం వచ్చి ఇరుక్కుంది. మెల్లగా కదిలించి లాగినాను. మడతల నిండా ఎర్రమట్టి, వేపాకులు, ఎలుక పెంటికలు. వాటి మీద గుండ్రంగా ఒక గూడు. చుట్టూ కొబ్బరి పీచు, నడుమ కొరికి మెత్తగా పరిచిన పట్టు. చిలకపచ్చ పోగులు ఆ లైటుకు తళతళమన్నాయి. బానెట్ కింద గాలి పోయే సందులోంచి ఎలుక మోసుకొచ్చి పేర్చుకుంది.

మామ నోట మాట లేదు.

నేతగాడు ఫోన్ నా చేతికిచ్చినాడు. గూడును రెండు చేతులా ఎత్తి, వరండాలో ఉన్న కాటా మీద పెట్టినాడు.

"తూకం చూడన్నా" అన్నాడు. "ఎలక కూలిలో ఎంత పట్టుకోవల్లో తెలుస్తాది."